రేపటి కొలైడర్‌కు నేటి శిక్షణ: ఒక డిజైన్ అభ్యాసంపై కేస్ స్టడీ

నేపథ్యం

ఐరోపా కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ 2025 మార్చి 31న ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్ (ఎఫ్‌సీసీ) సాధ్యాసాధ్యాల నివేదికను విడుదల చేసింది. కొలైడర్ అంటే సూక్ష్మ కణాల పుంజాలను (బీమ్‌లను) అతి వేగంగా నడిపి ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం. దాని ప్రకారం ఈ యంత్రం జెనీవా పరిసరాల్లో, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ భూభాగాల కింద సగటున 200 మీటర్ల లోతున, 90.7 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో వస్తుంది. మొదట ఎలక్ట్రాన్లు, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లు ఢీకొనే ఎఫ్‌సీసీ-ఈఈ దశ 2040ల రెండో సగంలో మొదలవుతుందని, ఆ తర్వాత అదే సొరంగంలో ప్రోటాన్ల దశ 2070లలో వస్తుందని అంచనా. నిర్మించాలా వద్దా అన్న నిర్ణయం ఇంకా జరగలేదు; అది 2028 ప్రాంతంలో రావచ్చు.

ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఢీకొనే యంత్రాల్లో ఇప్పటిదాకా అతి పెద్దది సెర్న్‌లోని లెప్. అది 1989లో మొదలై 2000 నవంబరులో ఆగిపోయింది. దాన్ని డిజైన్ చేసి, నడిపి, రాత్రి షిఫ్టుల్లో బీమ్ పోయినప్పుడల్లా కారణం వెతికి పట్టుకున్నవారిలో చాలామంది ఇప్పటికే పదవీ విరమణ చేశారు. కొత్త రింగులో మొదటి బీమ్ తిరిగే నాటికి వారిలో దాదాపు ఎవరూ కంట్రోల్ రూమ్‌లో ఉండరు. వారి లెక్కలు, నివేదికలు సెర్న్ భాండాగారంలో భద్రంగానే ఉన్నాయి. అయితే ఏ సంఖ్యను ఎందుకు ఎంచుకున్నారు, ఏ ఆలోచనను ఎందుకు వదిలేశారు అన్న వివేకం కాగితం మీద కొంతే నిలుస్తుంది. మిగతాది మనుషుల ద్వారానే చేరాలి. ఈ కారణంగానే భవిష్యత్ కొలైడర్ల డిజైన్‌లో యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే శిక్షణను నేను యంత్ర నిర్మాణంలో మొదటి పనిగా చూస్తాను.

ఈ శిక్షణకు మంచి సంప్రదాయమే ఉంది. అమెరికాలో, కణాలను వేగవంతం చేసే యంత్రాల (యాక్సిలరేటర్ల) పాఠాలు చెప్పే యూఎస్ పార్టికల్ యాక్సిలరేటర్ స్కూల్ 1981లో ఫెర్మీల్యాబ్ ప్రయోగశాలలో మొదలైంది. సెర్న్ యాక్సిలరేటర్ స్కూల్ 1983లో ఏర్పడింది. జెనీవా పక్కనే, ఫ్రాన్స్‌లోని ఆర్షాంలో, జువాస్ అనే యాక్సిలరేటర్ స్కూలు 1994 నుంచి విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠాలు చెబుతోంది. కణాలను తిన్నని మార్గంలో నడిపే లీనియర్ కొలైడర్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన అంతర్జాతీయ స్కూలు 2006లో జపాన్‌లో మొదలై, 2012 చివర్లో మన ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో కూడా జరిగింది. సెర్న్‌లోని ప్రోటాన్ కొలైడర్ ఎల్‌హెచ్‌సీ అయస్కాంతాలను నిలబెట్టి, స్థానం సరిచేసే జాకులను ఏడు వేలకు పైగా సరఫరా చేసిన దేశంగా, 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలిగా భారత్‌కు ఈ రంగంలో తగిన స్థానమే ఉంది. అయితే భాగాలు తయారుచేయడం వేరు, యంత్రం మొత్తాన్ని డిజైన్ చేయగలగడం వేరు. ఈ వ్యాసంలో వివరిస్తున్న అభ్యాసం రెండో దాన్ని ఉద్దేశించినది.

అభ్యాసం ఎలా అమర్చాము

బృందంలో ఆరుగురు. ఇద్దరు ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పే సింక్రోట్రాన్ కేంద్రాల్లో ఆపరేషన్స్ చూసేవారు, ఒకరు బీమ్‌కు శక్తినిచ్చే రేడియో తరంగాల (ఆర్ఎఫ్) ఇంజనీరు, ఒకరు హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి డిటెక్టర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, మిగతా ఇద్దరు ప్రోగ్రామింగ్‌లో గట్టివారు. వారికి ఇచ్చిన పని ఒక్క వాక్యం: 90.7 కిలోమీటర్ల రింగులో, 120 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి గల బీమ్‌లతో, హిగ్స్ బోసాన్ అనే కణాలను పుట్టించే కొలైడర్ ముఖ్య పారామితులను ఎంచి, ప్రతి ఎంపికనూ సమర్థించండి. వంగే బీమ్ వెలువరించే సింక్రోట్రాన్ వికిరణం రూపంలో ఒక్కో బీమ్ పోగొట్టుకునే శక్తి 50 మెగావాట్లు దాటకూడదన్నది ఒక్కటే షరతు. ప్రచురితమైన ఎఫ్‌సీసీ-ఈఈ పట్టికను వారు చూడవచ్చు, కానీ అందులోని ఏ సంఖ్యనైనా వాడుకోవాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తామే చూపాలి.

రెండు నియమాలు పెట్టాను. మొదటిది, కాగితం మీద లెక్క పూర్తయ్యే దాకా ఎవరూ మ్యాడ్-ఎక్స్, ఎక్స్‌సూట్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాముల్లో దేన్నీ తెరవకూడదు. రెండోది, ప్రతి నిర్ణయం ఒక ఉమ్మడి డిజైన్ పుస్తకంలో రాయాలి: ఏ సంఖ్య, ఎవరు నిర్ణయించారు, ఎందుకు, అది మారితే ఇంకేం మారతాయి. ఆ చివరి గడి నింపడానికే బృందానికి ఎక్కువ సమయం పట్టింది, శిక్షణలో ఎక్కువ ప్రయోజనం ఇచ్చిందీ అదే.

కాగితం మీద లెక్క

వలయంలో తిరిగే ఎలక్ట్రాన్ ఒక్కో చుట్టులో కొంత శక్తిని వికిరణంగా పోగొట్టుకుంటుంది. ఆ నష్టం శక్తి నాలుగో ఘాతానికి అనులోమంగా, బీమ్‌ను వంచే డైపోల్ అయస్కాంతాల్లో దాని వంపు వ్యాసార్థానికి విలోమంగా ఉంటుంది. శక్తిని జీఈవీలలో, వ్యాసార్థాన్ని మీటర్లలో తీసుకుంటే 88.46 అనే స్థిరాంకంతో గుణించగానే నష్టం కిలో ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. ఈ ఒక్క సూత్రంతో మూడు యంత్రాలను లెక్కగట్టమన్నాను.

ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో శక్తి 2.5 జీఈవీ, వంపు వ్యాసార్థం సుమారు 5.56 మీటర్లు, నష్టం చుట్టుకు సుమారు 620 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. లెప్ చివరి సంవత్సరంలో శక్తి 104.5 జీఈవీ, వ్యాసార్థం సుమారు 3.1 కిలోమీటర్లు, నష్టం చుట్టుకు సుమారు 3.4 జీఈవీ, అంటే మోస్తున్న శక్తిలో మూడు శాతానికి పైగా ప్రతి చుట్టులో పోతోంది. ఎఫ్‌సీసీ-ఈఈలో వ్యాసార్థం సుమారు 10 కిలోమీటర్లు కాబట్టి 120 జీఈవీ దగ్గర నష్టం సుమారు 1.83 జీఈవీకి తగ్గుతుంది. లెప్ కన్నా శక్తి ఎక్కువైనా నష్టం దాదాపు సగమే. అంత పొడవైన సొరంగం ఎందుకన్న ప్రశ్నకు ఈ రెండు వరసల లెక్కే సమాధానం.

తర్వాతి మెట్టు వారిని బాగా ఆకట్టుకుంది. 50 మెగావాట్లను చుట్టుకు పోయే శక్తితో భాగిస్తే బీమ్ కరెంటు వస్తుంది. 120 జీఈవీ దగ్గర అది సుమారు 27 మిల్లీ ఆంపియర్లు. అదే రింగులో జెడ్ బోసాన్ కోసం 45.6 జీఈవీ దగ్గర నడిపితే నష్టం 38 ఎంఈవీకి (మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు) పడిపోయి, కరెంటు 1.3 ఆంపియర్లకు పెరుగుతుంది. టాప్ క్వార్క్ కోసం 182.5 జీఈవీకి వెళితే నష్టం సుమారు 9.8 జీఈవీ, కరెంటు 5 మిల్లీ ఆంపియర్లు. ప్రచురిత పట్టికలోని విలువలు వీటికి చాలా దగ్గరగా ఉన్నాయి. ఒకే యంత్రం, ఒకే 50 మెగావాట్ల హద్దు, కానీ శక్తి మారేకొద్దీ కరెంటు రెండు వందల రెట్లకు పైగా మారుతుంది. తక్కువ శక్తి దగ్గర ఎక్కువ కరెంటు తెచ్చే అస్థిరతలు, ఎక్కువ శక్తి దగ్గర ఆర్ఎఫ్ వోల్టేజీ: ఒకే రింగు రెండు వేర్వేరు యంత్రాలుగా ప్రవర్తిస్తుందని ఆర్ఎఫ్ ఇంజనీరు అక్కడికక్కడే గుర్తించాడు. 120 జీఈవీకి సుమారు 2.1 గిగావోల్టులు చాలు గానీ 182.5 జీఈవీకి పది గిగావోల్టులకు పైగా కావాలి. అందుకే బీమ్‌కు శక్తినిచ్చే ఆర్ఎఫ్ గదులైన 400 మెగాహెర్ట్జ్ కేవిటీలకు తోడు 800 మెగాహెర్ట్జ్ కేవిటీలను తర్వాతి దశలో చేర్చే ప్రణాళిక ఉంది.

ఇక్కడ నేనొక చిన్న ప్రశ్న వేశాను. రింగులో ఆర్ఎఫ్ ఒక్క చోటే ఉంటే, ఆ చోట దాటిన వెంటనే బీమ్ శక్తికి, మళ్ళీ అక్కడికి చేరేముందున్న శక్తికి తేడా ఎంత? 120కి 1.83 అంటే ఒకటిన్నర శాతం. అన్ని అయస్కాంతాలకూ ఒకే బలం ఇస్తే బీమ్ చాలా చోట్ల మధ్యలో ఉండదు. అందువల్ల స్థానిక శక్తికి తగినట్టు అయస్కాంతాల బలాన్ని మెల్లగా తగ్గిస్తూ పోవాలి. దీన్ని టేపరింగ్ అంటారు. పాఠంగా చెబితే అర నిమిషంలో అయిపోయే విషయం. తమ లెక్కలోంచి తామే బయటికి లాగినప్పుడు అది డిజైన్ పుస్తకంలో ఒక పేజీ అయింది.

సగానికి తగ్గించిన బీటా

లాటిస్, అంటే రింగులో అయస్కాంతాల అమరిక, గీసే పని మొదలయ్యాక బృందంలో అందరికన్నా వేగంగా కోడ్ రాసే కుర్రాడు ఒక మధ్యాహ్నం వచ్చి, "సార్, ల్యూమినాసిటీ రెట్టింపయింది" అన్నాడు. ల్యూమినాసిటీ అంటే కణాలు ఢీకొనే రేటును నిర్ణయించే కొలత. ఢీకొనే చోట బీమ్ ఎంత బిగువుగా కేంద్రీకృతమైందో చెప్పే నిలువు బీటాను 1 మిల్లీమీటరు నుంచి 0.5 మిల్లీమీటరుకు తగ్గించాడు. ల్యూమినాసిటీ బీమ్ కరెంటుకు అనులోమంగా, ఆ బీటాకు విలోమంగా మారుతుంది కనుక పట్టికలో అతని మాట నిజమే.

నేను అతన్ని ఒక్క సంఖ్య లెక్కించమన్నాను: ఢీకొనే బిందువు నుంచి బీమ్‌ను కేంద్రీకరించే చివరి అయస్కాంతం, అంటే క్వాడ్రుపోల్, దాకా 2.2 మీటర్ల దూరం ఉంటే, ఆ క్వాడ్రుపోల్ ముఖం దగ్గర బీటా ఎంత? దూరం వర్గాన్ని బిందువు దగ్గరి బీటాతో భాగించాలి. 1 మిల్లీమీటరుకు 4,840 మీటర్లు. 0.5 మిల్లీమీటరుకు 9,680 మీటర్లు. ఆ అయస్కాంతంలో ఉన్న ప్రతి చిన్న లోపం బీమ్‌పై చూపే ప్రభావం ఈ సంఖ్యతోనే పెరుగుతుంది. శక్తి కాస్త ఎక్కువ తక్కువలున్న కణాలు వేర్వేరు చోట్ల కేంద్రీకరించడమనే క్రొమాటిసిటీ కూడా రెట్టింపవుతుంది. దాన్ని సరిదిద్దడానికి సెక్స్‌టుపోల్ అయస్కాంతాలను బలంగా వాడాలి. సెక్స్‌టుపోళ్ళు బలపడితే బీమ్ కదలికలో సరళత తగ్గి, చాలాసేపు నిలకడగా తిరగగలిగే ప్రాంతం, అంటే డైనమిక్ అపర్చర్, కుంచించుకుపోతుంది.

అక్కడితో ఆగలేదు. రెండు బీమ్‌లు ఎదురైనప్పుడు ఒకదాని క్షేత్రంలో మరొకటి వంగి గట్టి ఫోటాన్లను వెలువరించే బీమ్‌స్ట్రాలుంగ్ వల్ల కొన్ని కణాలు ఒక్క దెబ్బకు శక్తిని కోల్పోతాయి. పెద్ద రింగుల శక్తికి, ల్యూమినాసిటీకి ఇది హద్దు విధిస్తుందని వలేరీ టెల్నోవ్ 2013లో ప్రచురించిన పత్రంలో చూపారు. ఆ కణాలు పోకుండా నిలవాలంటే 120 జీఈవీ దగ్గర రింగు ఒకటిన్నర శాతానికి పైబడిన శక్తి తేడాను భరించగలగాలి. అంటే ఏ డైనమిక్ అపర్చర్‌ను సగం బీటా కోసి పారేస్తోందో, సరిగ్గా అదే ఈ యంత్రానికి ఎక్కువగా కావలసినది. నులక మంచం బిగించేటప్పుడు ఒక వరస లాగితే అవతలి వరస వదులైనట్టు, ఈ పట్టికలో ఏ గడీ ఒంటరిగా కదలదు.

కణాలను చుట్టు చుట్టుకూ వెంబడించే ట్రాకింగ్ లెక్క ఫలితాలు వచ్చినప్పుడు తెర ముందు అందరూ కూర్చున్నారు. నిలకడగా మిగిలిన కణాలను పచ్చ చుక్కలుగా, పోయినవాటిని ఎరుపుగా చూపే చిత్రం అది. శక్తి తేడా సున్నా దగ్గర పచ్చ ప్రాంతం విశాలంగానే ఉంది. ఒక శాతం దగ్గరికి వచ్చేసరికి నడుము సన్నబడింది. ఒకటిన్నర దగ్గర పచ్చ చుక్క ఒక్కటీ లేదు. తర్వాత వారు బీమ్ జీవితకాలాన్ని లెక్కగట్టారు. దాన్ని భర్తీ చేస్తూ అదే సొరంగంలోని బూస్టర్ నుంచి కొత్త కణాలను ఎంత వేగంగా నింపాలో చూశారు. బూస్టర్ అందించగలిగినదాన్ని ఆ అవసరం మించిపోయింది. 0.5 మిల్లీమీటరు ఆలోచనను ఆ కుర్రాడే డిజైన్ పుస్తకంలో కొట్టివేసి, కారణాన్ని ఒక పూర్తి పేజీలో రాశాడు. కొట్టివేసిన ఎంపికను చెరపవద్దని, చదవగలిగేలా ఉంచాలని అక్కడే నిర్ణయించాము.

ఈ సందర్భంలో సూపర్ కేఈకేబీని ఉదాహరణగా తీసుకున్నాము. జపాన్‌లోని త్సుకుబాలో 2016 నుంచి నడుస్తున్న ఆ కొలైడర్ నిలువు బీటాను 1 మిల్లీమీటరు స్థాయికి తెచ్చింది. ఇటలీలో పాంటలియో రైమొండి ప్రతిపాదించి, ఫ్రాస్కాటీలోని డాఫ్నే కొలైడర్‌లో పరీక్షించిన, కోణంలో ఢీకొనే బీమ్‌ల సన్నని నడుములను సెక్స్‌టుపోళ్ళతో సరిపెట్టే క్రాబ్ వెయిస్ట్ పద్ధతిని 2020లో అమలు చేసింది. 2024 డిసెంబరులో చదరపు సెంటీమీటరుకు సెకనుకు 5.1 × 10³⁴ ల్యూమినాసిటీతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. లక్ష్యం 6 × 10³⁵. రికార్డు నెలకొల్పిన యంత్రం కూడా తన లక్ష్యంలో పదో వంతుకు చేరలేదంటే అది ఆ బృందం లోపం కాదు. ఉన్నట్టుండి బీమ్‌లో పెద్ద భాగం కోల్పోవడం వంటి సమస్యలు పారామితుల పట్టికలో ముందుగా కనిపించవు. ఎఫ్‌సీసీ-ఈఈ మీద పనిచేయబోయే ప్రతి ఒక్కరూ సూపర్ కేఈకేబీ ఆపరేషన్ నివేదికలను శ్రద్ధగా చదవాలని నా గట్టి అభిప్రాయం.

లోపాలు చేర్చిన రింగు

కంప్యూటర్‌లో గీసిన లాటిస్‌లో ప్రతి అయస్కాంతం గీసిన చోటే ఉంటుంది. సొరంగంలో అలా ఉండదు. లెప్ కాలంలో చంద్రుడి ఆకర్షణ వల్ల నేల ఉబ్బి 26.7 కిలోమీటర్ల రింగు చుట్టుకొలత సుమారు ఒక మిల్లీమీటరు మారితే, ఆ మార్పు బీమ్ శక్తి కొలతలో స్పష్టంగా కనిపించింది. అందుకే అభ్యాసంలో మూడో వంతు సమయాన్ని లోపాలకే కేటాయించాను.

బృందం తమ లాటిస్‌లోని క్వాడ్రుపోళ్ళను, సెక్స్‌టుపోళ్ళను యాదృచ్ఛికంగా 100 మైక్రాన్ల మేర పక్కకు జరిపి ప్రోగ్రామ్ నడిపింది. ఫలితం రాలేదు. చుట్టు తిరిగి మొదటి చోటికే చేరే కక్ష్య ఏదీ దొరకలేదని ప్రోగ్రామ్ ఆగిపోయింది. యాదృచ్ఛిక లోపాలను ఎంచే విత్తనం సంఖ్య (సీడ్) మార్చి మళ్ళీ నడిపారు, అదే ఫలితం. ఇద్దరు ప్రోగ్రామర్లు కోడ్‌లో తప్పుందని సాయంత్రం దాకా వెతికారు. సింక్రోట్రాన్ ఆపరేషన్స్ నుంచి వచ్చిన ఒకామె మాత్రం సెక్స్‌టుపోళ్ళను పూర్తిగా ఆపి చూద్దామంది. బీమ్ మధ్య నుంచి తప్పి సెక్స్‌టుపోల్‌లోంచి వెళితే ఆ అయస్కాంతం క్వాడ్రుపోల్‌లా పనిచేస్తుంది. నిలువుగా తప్పితే అడ్డ, నిలువు కదలికలను కలిపేసే స్క్యూ క్వాడ్రుపోల్‌లా పనిచేస్తుంది. కక్ష్య చెడితే సెక్స్‌టుపోళ్ళు దాన్ని ఇంకా చెడగొడతాయి. ఆమె ఈ విషయాన్ని తన రింగును షట్‌డౌన్ తర్వాత మళ్ళీ లేపే రోజుల్లో చూసింది.

ఆ దారినే అందరూ నడిచారు. సెక్స్‌టుపోళ్ళు ఆపి, బీమ్‌ను మొదటి చుట్టు దాటించి, కక్ష్యను సరిచేసి, ఆ తర్వాత సెక్స్‌టుపోళ్ళ బలాన్ని పది శాతం చొప్పున పెంచుతూ ప్రతి మెట్టులో కక్ష్యను మళ్ళీ సరిచేశారు. పూర్తి బలానికి చేరినప్పుడు నిలువు ఎమిటెన్స్ (బీమ్ విస్తరణ కొలత) లక్ష్యం కన్నా చాలా ఎక్కువగా ఉంది. డిజైన్ ప్రకారం అది అడ్డ ఎమిటెన్స్‌లో 0.2 శాతం ఉండాలి, అప్పుడే ఢీకొనే చోట బీమ్ ఎత్తు కొన్ని పదుల నానోమీటర్లకు వస్తుంది. స్క్యూ క్వాడ్రుపోళ్ళతో కప్లింగ్‌ను (అడ్డ, నిలువు కదలికలు కలవడాన్ని), డిస్పర్షన్‌ను (శక్తి తేడాతో కక్ష్య జరగడాన్ని) కలిపి సరిదిద్దాక కొన్ని విత్తనాల్లో లక్ష్యం అందింది, కొన్నింటిలో అందలేదు. అందని విత్తనాలను పక్కన పెట్టి సగటు చూపిస్తే అది డిజైన్ అనిపించుకోదని, ఎన్ని అందలేదో, ఎందుకు అందలేదో నివేదికలో ముందే ఉండాలని పట్టుబట్టాను.

నిజమైన యంత్రం నుంచి వచ్చిన దత్తాంశం

తర్వాత నడుస్తున్న ఒక సింక్రోట్రాన్ నుంచి తీసుకున్న కొలతలను వారికి ఇచ్చాము. ఒక్కో కరెక్టర్ అయస్కాంతాన్ని కొద్దిగా మార్చినప్పుడు ప్రతి బీమ్ పొజిషన్ మానిటర్ ఏం చూపిందో నమోదైన పట్టిక అది. దాంట్లో ఒక మానిటర్ గుర్తు తలకిందులుగా ఉంది. కేబుళ్ళు తారుమారైతే జరిగేదే ఇది, ఏ కేంద్రంలోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మేము ముందుగా చెప్పలేదు.

మోడల్‌కూ కొలతకూ తేడాను అన్ని మానిటర్లలో గీసి చూసినప్పుడు ఒక్క నిలువు వరసే అన్ని కరెక్టర్లకూ వ్యతిరేక దిశలో నిలిచింది. డిటెక్టర్ల వైపు నుంచి వచ్చిన అమ్మాయి దాన్ని ముందుగా పట్టుకుంది. డిటెక్టర్ చానెళ్ళ కాలిబ్రేషన్‌లో ఇలాంటివి చూడడం ఆమెకు అలవాటు. గుర్తు మార్చగానే తేడా చాలా వరకు తగ్గింది. మిగిలిన చిన్న తేడాల నుంచి రెండు క్వాడ్రుపోళ్ళ బలం మోడల్‌కన్నా కొంచెం తక్కువగా ఉందని బయటపడింది. డిజైన్ చేసేవారికి ఈ పని ఎందుకని ఒక ప్రోగ్రామర్ అడిగాడు. ఎన్ని మానిటర్లు, ఎక్కడెక్కడ పెట్టాలో నిర్ణయించేది డిజైన్ చేసేవారే. వేలాది మానిటర్లున్న రింగులో కొన్ని పనిచేయని రోజు తప్పకుండా వస్తుంది, ఆ రోజు కూడా కక్ష్యను సరిచేయగలిగేలా వాటి అమరిక ఉండాలి. ఆ చర్చ తర్వాత బృందం తమ లాటిస్‌లో ఢీకొనే ప్రాంతం ఇరువైపులా మానిటర్ల సంఖ్యను పెంచింది.

సమీక్ష

చివరి సమీక్షలో ముగ్గురు అనుభవజ్ఞులు ప్రశ్నలడిగారు. వారు పారామితుల పట్టికను పెద్దగా పట్టించుకోలేదు, డిజైన్ పుస్తకంలోని "ఇది మారితే ఏం మారతాయి" అన్న గడినే పట్టుకుని అడిగారు. సొరంగం ఒక చోట పొడవు తగ్గించాల్సి వస్తే? కేవిటీల్లో పదో వంతు ఒకేసారి పనిచేయకపోతే? అడ్డ దిశలో ఢీకొనే కోణాన్ని 30 మిల్లీరేడియన్ల నుంచి తగ్గిస్తే క్రాబ్ వెయిస్ట్ ప్రయోజనం ఎంత మిగులుతుంది? మూడో ప్రశ్నకు బృందం దగ్గర పూర్తి సమాధానం లేదు, ఉన్నంతవరకు చెప్పి మిగతాది లెక్కగట్టలేదని స్పష్టంగా అన్నారు. సమీక్షకులు ఆ మాటకు మంచి మార్కులే వేశారు, నేనూ వారితో ఏకీభవించాను.

విద్యార్థులను ఎలా మదింపు చేశామో కూడా చెప్పాలి. తుది ల్యూమినాసిటీ సంఖ్యకు మార్కులు లేవు. కాగితం లెక్కకు, కొట్టివేసిన ఎంపికల వివరణకు, లోపాల విశ్లేషణకు, ఇతరులు తమ ఫైళ్ళను తిరిగి నడిపి అదే ఫలితం పొందగలగడానికి మార్కులిచ్చాము. చివరిది పరీక్షించడానికి ఒక్కొక్కరి ఫైళ్ళనూ మరొకరికి ఇచ్చి, రచయిత సాయం లేకుండా నడపమన్నాము. రెండు ఫైళ్ళు మొదటిసారి నడవలేదు. ఒకటి స్థానిక ఫోల్డర్ పేరు వల్ల, మరొకటి ఒక సెక్స్‌టుపోల్ కుటుంబం బలాన్ని చేత్తో మార్చి ఎక్కడా రాయకపోవడం వల్ల. 2040లలో ఒక రింగును లేపబోయే మనిషికి ఇప్పటి ఫైలు అందాలంటే ఈ రెండో రకం లోపాన్ని శిక్షణలోనే వదిలించాలి. అందుకే వచ్చే బృందానికి ఈ పరీక్షను చివర్లో కాకుండా మొదటి వారంలోనే పెడుతున్నాము.

ఈ బృందం అప్పగించిన వాటిలో లాటిస్ ఫైళ్ళు, లోపాల విత్తనాలు, డిజైన్ పుస్తకం ఉన్నాయి. 182.5 జీఈవీ దగ్గర కావలసిన సుమారు రెండున్నర శాతం శక్తి తేడాను వారి లాటిస్ ఇంకా భరించలేకపోతోంది. రింగు వంపు భాగంలోని (ఆర్క్‌లోని) సెక్స్‌టుపోళ్ళను ఎన్ని కుటుంబాలుగా విడదీయాలన్నది తేలలేదు. తర్వాత వచ్చే ఆరుగురు ఖాళీ కాగితంతో కాకుండా ఆ పుస్తకంలోని చివరి పేజీతో, అక్కడ రాసి ఉన్న ఆ ప్రశ్నతో పని మొదలుపెడతారు.